టమాటా పిలకలు పంచాను, అక్క మాట్లాడటం మానేసింది

కోనసీమలో కొత్తపేట దగ్గరి ఒక ఊరి నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు ముప్పై రెండు. భర్త కువైట్‌లో ఉంటారు. ఇంట్లో అత్తగారు, బడికెళ్ళే కొడుకు, తను. అక్టోబరులో కడియం వైపు వెళ్ళినప్పుడు పది హైబ్రిడ్ టమాటా నారు మొక్కలు కొని పెరట్లో నాటారు. నవంబరు చివరికి అవి ఏపుగా ఎదిగి, ఆకు చంకల్లో పక్క పిలకలు వేశాయి. వాటిని తుంచి గ్లాసు నీళ్ళలో పెడితే వేళ్ళొస్తాయని ఫోన్‌లో చూసి, తనూ పెట్టారు. వచ్చాయి. అలా ముప్పై మొక్కలయ్యాయి. పదిహేను తను నాటుకుని, మిగతా పదిహేనూ రెండు వీధుల అవతల వేరు కాపురం ఉంటున్న పెద్ద తోడికోడలికి, అంటే తను అక్కా అని పిలిచే ఆవిడకు ఇచ్చారు. ఆవిడ వాటిని తన పెరట్లో వంగ మొక్కల పక్కన నాటారు.

మూడు వారాలు తిరిగేసరికి ఆ మొక్కలు ఆకులు పచ్చగా ఉండగానే మధ్యాహ్నం పూట వాలిపోవడం మొదలుపెట్టాయి. పన్నెండు చచ్చిపోయాయి, ఇంకో రెండు వాడుతున్నాయి. పక్కనున్న వంగ కూడా వాడుతోంది. సంక్రాంతికి అందరూ కలిసినప్పుడు తోడికోడలు చుట్టాల ముందే "ఊరికే ఇస్తోంది కదా అని తీసుకుంటే నా పెరటికి రోగం అంటగట్టింది" అనేశారట. అప్పటినుంచి మాటల్లేవు. భర్తకు ఫోన్‌లో చెబితే "వదినతో ఆ మాట పడటం ఎందుకు, ఆ మొక్కలన్నీ పీకి పారెయ్" అన్నారు. పిలకలు తుంచితే కాపు పోతుందని అత్తగారు మొదటినుంచీ అంటూనే ఉన్నారు. మరోవైపు పక్కింటావిడ మొక్కకు ఐదు రూపాయలిస్తాను, ఇరవై మొక్కలు చేసిపెట్టమంటోంది. పైగా తన మొక్కల్లో కొన్నిటికి ఆకులు ముడుచుకుంటున్నాయి. "తప్పు నాదేనా? అక్కకు క్షమాపణ చెప్పాలా? అసలు ఈ పని మానెయ్యాలా?" అని అడిగారు. ఉత్తరం చివర్లో ఒక వాక్యం: "పోయిన వానాకాలంలో కూడా పెద్దమ్మ పెరట్లో వంగ మొక్కలు ఇలాగే వాలిపోయాయని మా అబ్బాయి అంటున్నాడు."

అమ్మా, మీరు చివర్లో మాటవరసకు రాసిన ఆ వాక్యం మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైనది. తప్పు మీది కాదనే నాకు అనిపిస్తోంది. అయితే అనిపించడంతో ఆగక్కర్లేదు, తేల్చుకునే దారి ఉంది. అది తేలడం మీకంటే కూడా మీ అక్కకే ఎక్కువ అవసరం.

ఆకు పసుపెక్కకుండా, మచ్చ పడకుండా, పచ్చగా ఉన్నపళాన వాలిపోయిందంటే మొదట అనుమానించాల్సింది బాక్టీరియా ఎండు తెగులు. ఇది నేలలో ఉంటుంది. వేరుకు తగిలిన చిన్న గాయం గుండా లోపలికెళ్ళి, కాండంలో నీరు పైకెక్కే నాళాల్లో పెరిగి దారి మూసేస్తుంది. కింద తడి ఉన్నా పైన ఆకుకు నీరందదు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప, వీటన్నిటికీ వస్తుంది. వెచ్చటి తేమ, నీరు నిలిచే నేల దానికి బాగా నచ్చుతాయి. మన డెల్టాలో బంకమట్టి పెరళ్ళలో వానాకాలమంతా ఉండేది అదే కదా. ఒకసారి నేలలో చేరితే ఏళ్ళ తరబడి పోదు. మీ అబ్బాయి చెప్పింది నిజమైతే, మీ మొక్కలు ఆ పెరట్లో అడుగుపెట్టక ముందే తెగులు అక్కడ ఉందన్నమాట.

ఇంకో సాక్ష్యం మీ పెరట్లోనే ఉంది. ఒకే తల్లి మొక్కల నుంచి తుంచి, ఒకేచోట వేళ్ళు పోయించిన ముప్పై పిలకల్లో సగం మీ దగ్గర నిలబడ్డాయి, సగం అక్క దగ్గర పడిపోయాయి. తల్లి మొక్కలూ వాలిపోలేదు. తెగులు పిలకలతోనే వెళ్ళి ఉంటే మీ పెరట్లోనూ ఇప్పటికి కనిపించాలి. పిలక తల్లిలో ఉన్నదంతా తనతో తీసుకెళుతుంది. రకం బాగుంటే రకాన్ని, తెగులుంటే తెగులునూ. కాబట్టి అక్క అనుమానం అర్థం లేనిదేమీ కాదు. అలా జరగడానికి వీలుంది. ఇక్కడ జరిగినట్టు మాత్రం కనబడటం లేదు.

తేల్చుకోవడానికి ఒక గాజు గ్లాసు చాలు. పూర్తిగా ఎండిపోయినవి కాకుండా ఇప్పుడు వాడుతున్న రెండింటిలో ఒకదాన్ని తీసుకోవాలి. నేలకు రెండు మూడు అంగుళాల పైన కాండాన్ని పదునైన చాకుతో కోసి, ఒక బెత్తెడు ముక్కను తేటనీళ్ళున్న గ్లాసులో కోసిన వైపు మునిగేలా వేలాడదీయండి. కదపకండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి తెల్లటి దారాలు కిందికి జారితే అది ఈ తెగులే. వాడుతున్న వంగ మొక్కతో కూడా ఇలాగే చూడండి. మీ పెరట్లోని మొక్క ఒకదాన్ని కూడా కోసి మూడో గ్లాసులో పెట్టండి. కాస్తున్న మొక్క పోతుందని వెనకాడొద్దు. మీ మొక్కను కూడా పరీక్షకు పెట్టారు కాబట్టే అక్క మీ మాట వింటారు. ఒకవేళ మీ గ్లాసులోనూ తెల్ల దారం కనిపిస్తే అప్పుడు సంగతి వేరు. ఇంకెవరికీ ఒక్క మొక్క కూడా ఇవ్వకూడదు, అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాలి.

దారాలు రాకపోతే మొక్కను వేళ్ళతో సహా జాగ్రత్తగా పెకలించి చూడండి. నేలను తాకే చోట కాండం చుట్టూ తెల్లటి బూజు, అందులో ఆవగింజల్లాంటి గోధుమరంగు గింజలుంటే మొదలు కుళ్ళు. పచ్చి పేడ, మాగని ఆకు వేసిన చోట అది ఎక్కువ. వేళ్ళ నిండా బుడిపెలుంటే నులిపురుగులు. వేళ్ళు నల్లబడి, మెత్తబడి, వాసనొస్తే నీరు నిలిచింది. వీటిలో ఏదీ మీ గ్లాసులోంచి వెళ్ళింది కాదు. మీ వాటా ఉండే సందర్భం ఒకటుంది: నీళ్ళలో వచ్చిన వేళ్ళు పెళుసుగా ఉంటాయి, అవి సరిగ్గా పట్టకముందే ఇచ్చేస్తే మొక్క మట్టిలో బతకదు. కానీ అలాంటిది మొదటి వారంలోనే వాడిపోతుంది, మూడు వారాలు పెరిగి పడిపోదు.

ఇక అక్క సంగతి. మీ ముందు మూడు నాలుగు దారులున్నాయి.

గొడవెందుకని వెళ్ళి క్షమాపణ చెప్పేస్తే మాటలు వెంటనే మొదలవుతాయి. ఇంటి పెద్దకోడలి ముందు తగ్గడం మన ఇళ్ళలో కొత్తేం కాదు. అయితే "రోగం మొక్కలిచ్చింది" అనే మాటకు మీరే ముద్ర వేసినట్టవుతుంది. అంతకంటే నష్టం ఏమిటంటే, రోగం మీ మొక్కలతో వచ్చి వాటితోనే పోయిందనుకుని ఆవిడ అదే మడిలో మళ్ళీ వంగో మిరపో నాటుతారు. అవీ పోతాయి.

మీ అబ్బాయి మాట పట్టుకుని "మీ పెరట్లోనే ఉంది రోగం, పోయినేడాది కూడా చచ్చాయిగా" అని అందరి ముందూ అంటే మీ మాటే నెగ్గవచ్చు. కానీ సంక్రాంతినాడు చుట్టాల ముందు మీకెలా అనిపించిందో రేపు ఆవిడకూ అలాగే అనిపిస్తుంది. పైగా పిల్లవాడి పేరు మధ్యలోకి వస్తుంది. పెద్దమ్మ దగ్గర వాడికున్న చనువు పాడవుతుంది. ఈ దారి వద్దనే నా సలహా.

కాలమే సర్దుతుందని ఊరుకోవచ్చు. చాలా ఇళ్ళలో అలాగే సర్దుకుంటాయి కూడా. కానీ వాడుతున్న ఆ రెండు మొక్కలూ ఎండిపోతే పరీక్షకు ఏమీ మిగలదు. ఎవరికి తోచింది వాళ్ళు నమ్ముకుంటూ ఉండిపోతారు.

నేనైతే పండగ హడావుడి తగ్గాక ఒక ఉదయం ఒంటరిగా వెళ్ళమంటాను. "అక్కా, మొక్కలు పోయినందుకు నాకూ బాధగా ఉంది. నా వల్లో కాదో ఇద్దరం కలిసే చూద్దాం, నా మొక్క కూడా ఒకటి కోసి తెచ్చాను" అనండి. తప్పు ఒప్పుకోవడమూ కాదు, ఎదురు తిరగడమూ కాదు. ఆవిడ వినకుండా లోపలికి వెళ్ళిపోవచ్చు. ఆ అవకాశం ఉందని తెలిసే వెళ్ళండి. అప్పుడు మీ ఊరి ఉద్యాన సహాయకులను ఒకసారి ఆ పెరడు చూడమని అడగండి. బయటివాళ్ళు చెబితే తీసుకోవడం తేలికవుతుంది. మీకు తగిలిన దెబ్బ గురించి కూడా తర్వాతెప్పుడైనా చెప్పండి, "అందరి ముందూ అనకుండా నన్ను పిలిచి అడగాల్సింది అక్కా" అని. మొదటి రోజే వద్దు. చిన్న తోడికోడలు తెలియజెప్పిన కొత్త పని నమ్మి చేసి, పెరడు పోగొట్టుకున్నాననే ఉక్రోషం కూడా ఆవిడ మాటలో ఉండి ఉంటుంది.

తెగులు తేలితే ఆవిడకు మీరు చేయగల సాయం ఉంది. ఆ మొక్కలను వేళ్ళతో, వేరు చుట్టూ మట్టితో సహా తీసి ఎండబెట్టి కాల్చేయాలి. పెంటకుప్పలో వేయకూడదు, పంట కాలువలో అసలు పారేయకూడదు. ఈ బాక్టీరియా నీటితో పాటు ప్రయాణిస్తుంది, కింది పొలాలకు చేరుతుంది. నేలలో దీన్ని పూర్తిగా తుడిచిపెట్టే మందేదీ లేదు, మందులమ్మేవాళ్ళు ఏం చెప్పినా డబ్బు దండగ. ఆ మడిలో రెండు మూడేళ్ళు టమాటా, వంగ, మిరప మాని బెండ, గోరుచిక్కుడు, మొక్కజొన్న వేసుకోవాలి. వరి వేసి పంటకాలమంతా నీరు నిలగట్టిన చేలల్లో ఈ తెగులు తగ్గుతుంది, కానీ పెరట్లో అది కుదిరే పని కాదు. టమాటా కావాలంటే సంచుల్లో కొత్త మట్టి నింపి పెంచుకోవచ్చు. తెగులు తట్టుకునే వంగ జాతి వేరు మీద టమాటా కొమ్మను అంటుకట్టే పద్ధతి కూడా ఉంది. ఆ అంటుకు మీరు తుంచే పక్క పిలక చక్కగా సరిపోతుంది.

మీ అత్తగారి మాట తీసిపారేయకండి. అందులో సగం నిజం ఉంది. టమాటాలో తీగలా పెరుగుతూనే ఉండే రకాలున్నాయి, రెండు మూడు అడుగుల దగ్గర చివర పూగుత్తి వేసి ఆగిపోయే పొద రకాలున్నాయి. తీగ రకానికి పిలకలు తీస్తేనే గాలి ఆడుతుంది, కాయ లావవుతుంది. పొద రకానికి మాత్రం కాపులో ఎక్కువ భాగం పక్క కొమ్మల మీదే. అవన్నీ తుంచేస్తే ఆవిడ అన్నట్టే కాయ తగ్గుతుంది. మీ మొక్కల కొసలు చూడండి. ఇంకా చిగురు వేస్తూ పోతుంటే తీగ రకం. ఆగిపోతే పొద రకం, అప్పుడు మొదటి పూగుత్తికి కిందున్న నాలుగైదు పిలకలతో సరిపెట్టుకుని పైవి వదిలేయండి. పూగుత్తికి సరిగ్గా కింద వచ్చే పిలక చాలా బలమైనది, దాన్ని ఏ పొద మొక్క నుంచీ తీయొద్దు.

ఆకుముడత గురించి మీరు ఒక్క ముక్కే రాశారు కానీ నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే. ముడిచిన ఆకులు కిందివా, పైవా? కింది ముదురు ఆకులు దళసరిగా చుట్టుకుని, పైన చిగురు మామూలుగా పెరుగుతుంటే భయం లేదు. ఒకేసారి ఎక్కువ పిలకలు తుంచినా, ఎండ పెరిగినా అలా అవుతుంది. పై చిగురాకులు చిన్నవైపోయి, అంచులు పసుపెక్కి, దోనెలా పైకి ముడుచుకుని, మొక్క గిడసబారిందంటే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. ఆ మొక్క నుంచి తీసిన ప్రతి పిలకలోనూ ఆ వైరస్ ఉంటుంది. గ్లాసులో చక్కగా వేళ్ళు వేసి, చూడటానికి బాగుండి, నాటాక నెలకు ముడుచుకుపోతుంది. పిలకలతో మొక్కలు పెంచడంలో అసలు ప్రమాదం ఇదే. ఎండు తెగులు మాట ఎలా తేలినా, ముడత ఉన్న మొక్క నుంచి పంచితే మాత్రం ఆ తప్పు మీదవుతుంది. అలాంటి మొక్కను ఇప్పుడే పీకేయండి.

అందుకే పిలక తీసేముందు తల్లిని ఎంచుకోవాలి. అన్నిటికంటే బాగా కాసిన, చిగురు నుంచి మొదలు దాకా శుభ్రంగా ఉన్న రెండు మూడు మొక్కలను గుర్తుపెట్టుకుని వాటినుంచే తీయండి. హైబ్రిడ్ కాయ విత్తనం దాచి నాటితే తల్లిలా రాదు. పిలక మాత్రం అచ్చం తల్లే. నారు పోసి పెంచే కాలం మిగులుతుంది కాబట్టి విత్తనపు మొక్క కంటే నెల ముందే పూతకూ వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే తుంచండి. లంక పొగాకు చుట్ట కాల్చిన చేత్తో తుంచితే పొగాకు నుంచి మొజాయిక్ వైరస్ అంటుకునే వీలుంది. ఇంట్లో చుట్ట తాగే పెద్దవాళ్ళుంటే ఈ పని వాళ్ళకు అప్పజెప్పకండి.

నీళ్ళ గ్లాసు కంటే కొబ్బరి పొట్టు మేలు. కోనసీమలో దానికి కొదవలేదు, పీచు మిల్లుల దగ్గర గుట్టలుంటాయి. కాకపోతే తాజా పొట్టులో ఉప్పు ఉంటుంది. బకెట్లో నానబెట్టి, గోధుమరంగు నీరు పోయేదాకా మూడు నాలుగుసార్లు వంపేయాలి. అంతే పాలు ఏటి ఇసుక కలపండి. నాలుగైదు అంగుళాల పిలకను పొద్దున్నే తుంచి, కింది ఆకులు, మొగ్గలు తీసేసి, సగం కాండం లోపలికి పోయేలా గుచ్చి నీడలో ఉంచండి. టమాటా కాండం మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయే, అవి వేళ్ళు కావడానికి సిద్ధంగా ఉన్నవే. వారం పది రోజుల్లో మెల్లగా లాగితే పట్టు తెలుస్తుంది. తర్వాత నాలుగైదు రోజులు కొంచెం కొంచెంగా ఎండకు అలవాటు చేసి సాయంత్రం పూట నాటండి. లోతుగా నాటమని అంతా చెబుతారు. బంకమట్టిలో లోతున నీరు నిలుస్తుంది. ఎత్తు మడి చేసి, కాండాన్ని పక్కకు పడుకోబెట్టి, కొస పైకి ఉండేలా పైపైనే కప్పితే వేళ్ళకు గాలి అందుతుంది. అంతర్వేది, మలికిపురం వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉండేవాళ్ళు పిలకలకు ఆ నీళ్ళు వాడొద్దు.

మీవారి మాటకు నా జవాబు: తెగులున్న మొక్కను పీకాలి, మాట పడ్డామని మంచి మొక్కను పీకనవసరం లేదు. ఆయన దూరంగా ఉన్నారు, ఇంట్లో గొడవ వద్దని అలా అన్నారు. గ్లాసు పరీక్ష వీడియో తీసి పంపండి, ఆయనకూ సంగతి అర్థమవుతుంది.

పక్కింటావిడకు అమ్మడం మీ ఇష్టం. ఐదు రూపాయలు తీసుకున్నాక అది పుట్టింటి సారెలా ఇచ్చిన మొక్క కాదు, బతకకపోతే అడిగే హక్కు ఆవిడకుంటుంది. ముందే మాట్లాడుకోండి: ఏ మొక్క నుంచి తీశారో చూపించండి, ఎక్కడ నాటుతారో అడగండి, అక్కడ అంతకుముందు వంగ, మిరప వాడిపోయాయేమో కనుక్కోండి. ఇరుగుపొరుగుకు పదీ ఇరవై వరకు ఇలా సరిపోతుంది. నర్సరీలాగా పెంచి అమ్మాలనుకుంటే మాత్రం ముందు ఉద్యాన శాఖలో రిజిస్ట్రేషన్ సంగతి కనుక్కోవాలి.

అయితే ఈ జనవరిలో ఆవిడకు ఇరవై మొక్కలు చేసివ్వడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడు తుంచిన పిలక ఫిబ్రవరి మొదట్లో నేలలో పడుతుంది, మార్చిలో పూస్తుంది. పగలు ముప్పై ఐదు డిగ్రీలు దాటి, రాత్రులు కూడా ఉక్కగా ఉంటే టమాటా పూత నిలవదు, రాలిపోతుంది. ఆ తర్వాత కాలువలు కట్టేస్తారు, నీటికీ ఇబ్బందే. ఆవిడ డబ్బు వృథా అవుతుంది, మీకు ఇంకో మాట పడుతుంది. తొందరగా ఉందంటే నాలుగైదు ఇచ్చి, మధ్యాహ్నం కొబ్బరి చెట్టు నీడ పడే చోట నాటమనండి. మిగతావి వచ్చే సీజన్‌కని చెప్పండి. సెప్టెంబరులో మీరు నాలుగు తల్లి మొక్కలను సంచుల్లో, వాన తగలని చూరు కింద పెంచితే, అక్టోబరు చివరికి వాటి నుంచి తీసిన పిలకలు నాటడానికి సిద్ధంగా ఉంటాయి.